మగ్గం గుంతలో జనరేటరు

పెళ్లి పత్రికల్లో మేనమామల సంఖ్యకు ప్రభుత్వం ఒక హద్దు పెట్టాలి. లైసెన్సులన్నీ ఎత్తేస్తున్న రోజుల్లో ఈ మాట అనకూడదు గానీ, ఈ ఒక్క విషయంలో పాత పద్ధతే మేలు. అరవదేశంలో వేలూరు పక్కనున్న మా గుడియాత్తంలో పెండ్లికొడుకు తండ్రి పొద్దున వచ్చి, ప్రూఫు చూసుకొని, బాగుందని తలాడించి, కాఫీ తాగి పోతాడు. సాయంత్రానికి మళ్లీ వస్తాడు. ఆలంగాయంలో ఒక మామ ఉన్నాడట, మరిచిపోయారట. ఆయన పేరు లేకపోతే ఆయన రాడు. ఆయన రాకపోతే ఆ వైపు నుంచి ఒక్కరూ రారు. ఒక మామను ఎక్కించాలంటే కింది మామలందరూ ఒక వరుస జరగాలి. జరిగితే చివరి మామ కాగితం దాటి కింద పడతాడు. అందరినీ చిన్న అక్షరాల్లోకి దించి మళ్లీ సర్దాలి. ఆ సమయానికి కరెంటు పోతుంది.

నాకు జబ్బు చేసింది అక్కడినుంచే కాబట్టి మామల సంగతి ముందు చెప్పాను.

మాది నేత ఇల్లు. మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. నేను చిత్తూరులో బి.ఏ. చదివినందువల్ల తెలుగు రాయడం వచ్చింది. ఆ చదువువల్ల చేతికి దక్కింది ఇదొక్కటే. దీన్ని మా ఇంట్లో ఎవరూ చదవలేరు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. తొంభైల నడుమ, ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒక సెంటరు పెడుతున్న కాలంలో, నేనూ మా ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టి పెళ్లి పత్రికలు చేయడం మొదలుపెట్టాను. యంత్రాలు కొత్తవి, కరెంటు మాత్రం పాతది. అందుకని ఒక చిన్న జనరేటరు వచ్చింది. తాడు పట్టి లాగితే పెట్రోలుతో లేస్తుంది, వేడెక్కాక కిరసనాయిలుకు దిగుతుంది. పనిచేసేటప్పుడు దాని సద్దు, ఎవరో పక్కింట్లో రాయి మింగుతున్నట్టుగా ఉంటుంది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. వీధిలో పెడితే వానకు తడుస్తుంది, పక్కింటివాళ్లు కొట్లాటకు వస్తారు. పెరటికి గోడ లేదు, తెల్లారేసరికి వేరే ఇంట్లో పనిచేస్తూ ఉంటుంది. అప్పుడు మా నాయన ఒక ఉపాయం చెప్పాడు. నాయన ఏడాదికి ఒక ఉపాయం చెప్పే మనిషి. మా అన్న మగ్గం విప్పేసి బెంగుళూరుకు కట్టడం పనులకు వెళ్లిపోయాక, మగ్గం గదిలో నాయన గుంత పక్కనే అన్న గుంత ఖాళీగా మిగిలింది. సిమెంటు పూసిన గుంత, నడుమంత లోతు.

"దాంట్లో దించుదాము. సద్దంతా నేల్లో పూడిపోతుంది," అన్నాడు.

ఇక్కడ మగ్గం గది సంగతి కొంచెం చెప్పాలి. పడుగుకు పొడిగాలి తగలకూడదు. తగిలితే నూలు పెళుసెక్కి, పోగు తర్వాత పోగు తెగుతుంది. అందుకే నేతగాళ్లు నేల తవ్వి, ఆ చల్లటి గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటారు. గది మూసి తేమను దాచుకొంటారు. మా మగ్గం గదికి ఒకటే కిటికీ. దానికి మా తాత కాలంనుంచీ తడి గోనెపట్ట వేలాడుతోంది. దేశం తలుపులు తెరుచుకొందని పేపర్లు రాస్తున్నాయి. నాయన ఆ గోనెపట్ట మాత్రం ఎత్తనివ్వలేదు.

ఆ గదిలోకి జనరేటరు దిగింది. తీగ ముందుగదిలోకి రావాలి కాబట్టి రెండు గదుల నడుమ తలుపు తీసే ఉంటుంది. సద్దు నిజంగానే తగ్గింది. వీధిలో నేతగాళ్లు వచ్చి, గుంతలోకి తొంగిచూసి, నాయనను మెచ్చుకొని పోయారు. నేనూ మెచ్చుకొన్నాను.

*అక్టోబరు*

గంటో రెండు గంటలో కరెంటు పోయినన్నాళ్లూ బాగానే జరిగింది. కొంచెం తలనొప్పి వచ్చేది. కరెంటు వస్తే పోయేది. కరెంటు లేకపోతే తలనొప్పి, వస్తే హాయి. ఊరందరి పరిస్థితీ ఇదే కదా అనుకొన్నాను. నా భార్య సుగుణ కళ్లద్దాలు వేసుకోమంది. ఎదురింటావిడ దిష్టి అంది. పత్రిక కోసం వచ్చినాయన ఒకడు నా మొహం ఎర్రగా కళకళలాడుతోందని, ఏం తింటున్నావని అడిగాడు. ఎప్పుడూ అలాంటి మాట పడని మొహం ఇది. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

తర్వాత తుపాను పట్టింది. ఆలంగాయం కొండలనుంచి ఇటు తిరువలం వరకూ స్తంభాలు పడిపోయాయని చెప్పుకొన్నారు. రోజుల తరబడి కరెంటు లేదు. ముసురు పట్టినప్పుడు మట్టి గుంతల్లో ఊట పుడుతుంది కాబట్టి నేతగాళ్లు మగ్గం ఎక్కరు. నాయన అరుగు మీద తోటివాళ్లతో కూర్చుని వాన తగ్గే ఉపాయాలు చెబుతున్నాడు. సుగుణ వెనక, సగం కప్పూ సగం ఆకాశమూ ఉన్న వంటింట్లో. ముందుగదిలో నేను, జనరేటరు, మామలు. వానజల్లు కొడుతోందని వీధికిటికీ కూడా మూసేశాను. అరవం లెక్కన వచ్చే ఐప్పసి నెల ముహూర్తాలు వానకోసం ఆగవు గదా.

చివరికి జరిగింది నాకు గుర్తులేదు, సుగుణ చెప్పింది. మధ్యాహ్నం కాఫీ తెచ్చిందట. నేను కీబోర్డు మీద తల పెట్టి, కొంచెం నవ్వు మొహంతో పడుకొని ఉన్నానట. తెర నిండా ఒకే అక్షరం బారులు తీరి పోతోందట. నాకు ఇలాంటివి అలవాటే. అంతకు ముందు నెల కూడా మామల పట్టీ చూసి ప్రాణం పోయినట్టు కుర్చీలో వాలిపోయి ఆమెను బెదరగొట్టాను. అందుకని ఆమె, చాల్లే లెమ్మని, కాఫీ పెట్టి వెళ్లిపోయింది. గ్లాసు తీసుకుపోదామని మళ్లీ వచ్చినప్పుడు కాఫీ మీద మీగడ కట్టి ఉంది.

ఆ తర్వాత ఆమె అరిచిన అరుపుకు అరుగు మీది వాళ్లందరూ లోపలికి వచ్చారు. నన్ను ఎత్తి బయట వానలో పడుకోబెట్టారు. ఎవరికీ ఏమీ తెలిసి కాదు, నీళ్లు చల్లుదామని చెంబు కోసం వెతికితే దొరక్క, ఎలాగూ వాన ఉందిగదా అని. నన్ను బతికించింది ఆ చెంబు దొరకకపోవడమేనని తర్వాత తెలిసింది.

*నవంబరు*

ఊళ్లో డాక్టరు మూర్ఛ అన్నాడు, వేలూరు తీసుకుపొమ్మన్నాడు. వ్యానులో పాలారు దాటుతుంటే కళ్లు తెరిచి, ఏట్లో నీళ్లు ఉన్నాయే అన్నానట. ఎప్పుడూ ఇసకే ఉండే మా పాలారులో నీళ్లు చూశానంటే మెదడు చెడిందనే ఎవరైనా అనుకొంటారు. నిజంగానే ఉన్నాయని సుగుణ చెప్పింది.

వేలూరు ఆసుపత్రిలో ముక్కుకు మూతికి ఒక గొట్టపు తొడుగు పెట్టి గాలి ఇచ్చారు. గాలి గురించి నాకు అంతవరకూ పెద్ద అభిప్రాయం లేదు. ఊరికే వచ్చేదాని మీద మనిషికి అభిప్రాయాలుండవు. ఆ తొడుగు కింద పీల్చిన మొదటి పూట, ఒళ్లంతా ఎవరో లోపలినుంచి దీపాలు వెలిగించుకొంటూ పోతున్నట్టు అనిపించింది. కాళ్ల వేళ్ల దాకా వచ్చింది ఆ వెలుగు. నాకు భక్తి తక్కువ. ఆ పూట ఎవరికి దండం పెట్టాలో తెలిసి ఉంటే పెట్టేవాణ్ణే.

ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. వాన పట్టకముందు ఆ గదిలో కూర్చుంటే తనకూ వచ్చేదని నాయన చెప్పాడు. ఏ గది అని అడిగింది. నాయన ఉత్సాహంగా, గుంత ఎంత లోతు, గోనెపట్ట ఎంత మందం, సద్దు ఎంత తగ్గింది, అన్నీ విడమరిచి చెప్పాడు. డాక్టరమ్మ రాయడం ఆపింది. ఆ పొగలో వాసన లేని విషం ఒకటి ఉంటుందనీ, మన రక్తానికి గాలికన్నా దాని మీదే మోజు ఎక్కువనీ, అది దొరికితే గాలిని గడప దగ్గరే ఆపేస్తుందనీ చెప్పింది. మొహం ఎర్రబడింది కూడా అందుకేనట. నా రక్తం నా ఇంట్లోనే కూర్చుని వేరొకరితో స్నేహం చేసింది, నాకు కళ వచ్చిందని నేను మురిసిపోయాను.

నాయన లేచాడు. వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.

కొద్దిరోజులకు నన్ను ఇంటికి పంపారు. మేము గుడియాత్తం చేరేసరికి, నాయన ముందు బస్సులోనే వచ్చి జనరేటరును గుంతలోంచి పైకి లాగించేశాడు. మా గుంతను చూసిపోయిన వాళ్లలో ఇద్దరు తమ ఇళ్లలోనూ అలాగే దించుకొన్నారు. ఆ ఇళ్లకు తానే పోయి, వాళ్లు వద్దంటున్నా వినకుండా, దగ్గరుండి వాటిని వీధిలో పెట్టించి వచ్చాడట. ఎందుకని అడిగితే నా పేరు చెప్పాడట, అంతే.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే దాని సద్దు భరించండి. వీధిలో, ఆకాశం కింద, కిటికీలకు దూరంగా పెట్టండి. పక్కింటివాడు తిడితే తిట్టనివ్వండి. తిట్టడానికీ గాలి కావాలి, అది అతనికి అందుతోందన్నమాట.

*డిసెంబరు*

కథ అక్కడితో అయిపోయిందనుకొన్నాము. పత్రికల పని మళ్లీ మొదలుపెట్టాను.

మార్గళి, అంటే మన ధనుర్మాసం, చలి మొదలయ్యాక ఒక పొద్దున దువ్వెన చేతిలో పట్టుకొని నిలబడ్డాను. దానితో ఏం చేస్తారో తెలుసు. దాని పేరు రాలేదు. మరునాడు చెప్పు, ఆ తర్వాత గ్లాసు, తలుపు. ఒక్కొక్కటే పేర్లు విప్పేసి నా ముందు నిలబడ్డాయి. పేరు లేని తలుపును చూస్తే భయం వేయాలి. నాకు భయంకన్నా వింతగా ఉండేది. పుట్టిన పిల్లలకు లోకం ఇలాగే ఉంటుందేమో, అన్నీ ఉంటాయి, ఏదీ ఏదీ కాదు.

అడుగులు చిన్నవయ్యాయి. గడప దాటడానికి ఆలోచించాల్సి వచ్చేది. కనియంబాడి వాళ్లకు ఒక పత్రిక చేసి ఇచ్చాను. వాళ్లు దాన్ని తిరిగి తెచ్చారు. మామలందరూ ఉన్నారు, ఒక్క తప్పు లేదు. పెండ్లికూతురు లేదు.

ఇంట్లో వారంపాటు ప్రశాంతంగా ఉండిందట. పెళ్లయినప్పటినుంచీ అలాంటి వారం చూడలేదంటుంది సుగుణ. ఎవరినీ ఎగతాళి చేయలేదు, కూరకు పేర్లు పెట్టలేదు, పెట్టింది తిన్నాను. ఆ ప్రశాంతతకే ఆమె భయపడింది. మళ్లీ వేలూరు తీసుకువెళ్లింది.

కొంతమందికి ఇలా అవుతుందట. పొగ పోయినా, మెదడుకు తగిలిన దెబ్బ కొన్ని వారాలు ఆగి బయటపడుతుందట. చాలామందికి పోయినది నెలల మీద తిరిగి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అందరికీనా అని సుగుణ అడిగింది. చాలామందికి అని డాక్టరమ్మ మళ్లీ చెప్పింది.

ఆ ఆసుపత్రి వరండాలో దేశమంతా కూర్చుని ఉంటుంది. బెంగాలీలు, అస్సాం వాళ్లు, మలయాళం వాళ్లు. ఒకరి మాట ఒకరికి తెలియదు గానీ, లోపలినుంచి పేరు పిలిస్తే అందరూ ఒకేలా ఉలిక్కిపడతారు. మేము బెంచీ మీద వరుసగా కూర్చున్నాము, నడుమ నేను. నెలన్నరనుంచి సుగుణ నాయనకు అన్నం పెడుతోంది గానీ మాట్లాడటం లేదు. ఆ రోజు మాట్లాడింది.

"మీ పడుగుకు గాలి తగలగూడదు. మీ కొడుక్కి తగిలితే ఏం పోయింటుంది మామా?"

నాయన తన చేతులు చూసుకొన్నాడు. తర్వాత మెల్లగా, "పడిపోయి ఉండేవాణ్ణి జూసి కాఫీ పెట్టి పోయింది నేను గాదు గదమ్మా," అన్నాడు.

మామూలుగా అయితే అక్కడ నేను ఏదో ఒకటి అని ఇద్దరినీ విడదీసేవాణ్ణి. నా ఉద్యోగమే అది మా ఇంట్లో. ఏదో అనాలని నాకు తెలుసు. నోరు తెరిచాను. బావిలోకి చేద వేస్తే తాడు పోతూనే ఉన్నట్టు, కింద నీళ్లు తగిలిన చప్పుడే లేదు. నోరు మూసుకొన్నాను. జబ్బు మొత్తంలో నేను నిజంగా భయపడింది అప్పుడే.

ఎదుటి బెంచీలో ఒక బెంగాలీ ఆవిడ, భర్త కోసం కూర్చున్నది, మాటలు అర్థం కాకపోయినా గొడవ అర్థమైనట్టుంది. లేచి వచ్చి, కాగితం పొట్లంలోంచి బొరుగులు తీసి ముందు సుగుణ చేతిలో పోసింది, తర్వాత నాయన చేతిలో. నా చెయ్యి లేవకపోతే, తనే పట్టి తెరిచి పోసింది. ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఇప్పటికీ తెలియదు. ముగ్గురమూ తలలు వంచుకొని బొరుగులు నమిలాము. బొరుగులు నములుతూ కొట్లాడటం కష్టం.

*ఫిబ్రవరి, మార్చి*

చేయడానికి ఏమీ లేదు, వేచి ఉండటమే. కంప్యూటరు మీద గుడ్డ కప్పేశారు.

ఒక రోజు నాయన నన్ను చెయ్యి పట్టుకొని మగ్గం గదిలోకి తీసుకువెళ్లాడు. గోనెపట్ట లేదు. కిటికీ బార్లా తీసి ఉంది. ఎండ ఆ గదిలోకి రావడం నేను పుట్టాక అదే మొదలు చూడటం. ఎటు పోవాలో తెలియని చుట్టంలా ఆ మూలా ఈ మూలా వెతుక్కొంటోంది. నన్ను మగ్గం వెనక కూర్చోబెట్టి తాను ఎదురుగా కూర్చున్నాడు. చీర దిగాక, మగ్గంలో మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగే అతకాలి. బూడిద అంటిన వేళ్లతో రెండు కొసలనూ పట్టి మెలిపెట్టి పడుకోబెట్టడమే. వేల పోగులు. మా ఇళ్లలో పిల్లలకు పలకకన్నా ముందు వచ్చే పని అది. కాలేజీకి వెళ్లాక నేను వదిలేశాను.

ఏమీ చెప్పకుండా రెండు కొసలు నా వేళ్లకు అందించాడు. దాన్నేమంటారో నాకు గుర్తులేదు. వేళ్లకు గుర్తుంది. అవే కలిశాయి, అవే మెలిపెట్టాయి, అవే వదిలాయి. నా చేతులు వేరే ఎవరివో అయినట్టు చూస్తూ కూర్చున్నాను. తలలో దీపాలన్నీ ఆరిపోయిన ఇంట్లో ఒక మూల ఎవరో ఇంకా మెలకువగా ఉండి, సద్దు లేకుండా పని చేసుకుంటున్నారు. ఇన్నేళ్లూ వాళ్లున్నారనే నాకు తెలియదు.

రోజూ కూర్చున్నాము. కిటికీలోంచి గాలి వచ్చి, అతికిన పోగులు పుటుక్కున తెగేవి. నాయన మళ్లీ అతికేవాడు. గోనెపట్ట వేసుకోరాదా అని వీధిలో వాళ్లు అడిగితే, ఉక్కగా ఉండాదని చెప్పేవాడు. సగం నేత పాడవుతోందని ఆయనకు తెలుసు, వాళ్లకూ తెలుసు. సుగుణ అది చూసింది. ఒక సాయంత్రం ఇద్దరికీ కాఫీ తెచ్చి, నేను గుటక వేసేదాకా నిలబడి, "చల్లారిపోతుంది తాగండి మామా," అంది. ఆయన తాగాడు. వాళ్ల రాజీ అంతవరకే జరిగింది, అంతే నిలిచింది.

మాటలు వెనక్కి వచ్చాయి. పోయిన వరుసలో రాలేదు. ముందు తిట్లు వచ్చాయి. తర్వాత కూరగాయలు. ఒక పొద్దున పళ్లు తోముకొంటూ ఉంటే 'దువ్వెన' దానంతట అదే వచ్చి నిలబడింది. పరుగెత్తుకొని వెళ్లి సుగుణకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. దువ్వెన కోసం ఎవరైనా ఏడ్చి ఉంటే ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

*మే*

ఇప్పుడు జనరేటరు వీధిలో, రేకు కింద, గొలుసుతో కట్టేసి ఉంది. కరెంటు పోతూనే ఉంది, అది మోగుతూనే ఉంది. అది మోగినంతసేపూ అన్ని కిటికీలూ తీసే ఉంటాయి. నడుమ నడుమ లేచి వీధి చివరిదాకా పోయి, ఏ పనీ లేకుండా ఊపిరి పీల్చి వస్తాను. చూసేవాళ్లకు సోమరిగా కనిపిస్తాను. నాకు తెలిసి నేను చేసేవాటిలో అంత పెద్ద పని ఇంకొకటి లేదు.

పోయిన వారం వేలూరులో చివరిసారి చూపించుకొన్నాము. డాక్టరమ్మ నన్ను గీత మీద నడిపించింది, వెనక్కి లెక్క పెట్టించింది, బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. అన్నీ చెప్పాను. పూర్తిగా కోలుకొన్నావు, ఇక రావక్కర్లేదు అంది. సుగుణ ఆవిడ చేతులు పట్టుకొంది.

బస్టాండులో గుడియాత్తం బస్సు నిండేదాకా కదలదు. ముగ్గురమూ ఒకే సీటులో కూర్చున్నాము. సుగుణ ముందు సీటావిడకు నా కథ మొదటినుంచీ చెబుతోంది, అంతా సరిపోయిందని. ఎదురింటావిడా అదే అంటుంది, అన్న ఫోనులో అదే అన్నాడు. నాకు మాత్రం ఒక అనుమానం ఉంది. జోకు ఇప్పటికీ వస్తుంది, కొంచెం ఆలస్యంగా, ఎవరో పక్కగదిలోంచి అందించినట్టు. రాత్రి అన్నం దగ్గర నవ్వేవాళ్లు నా మొహం చూసి, ఇది జోకేనని తేల్చుకొని, అప్పుడు నవ్వుతున్నారు. ఇంకా ఎక్కడో ఒక పోగు దొరకనట్టుగా ఉంటుంది.

నాయన కిటికీ పక్కన కూర్చుని, కిటికీ తీసి, బయటికి చూస్తున్నాడు. అబద్ధం ఆడటం రాని మనిషి, వస్తే ఆ రోజు ఆసుపత్రి వరండాలో సుగుణతో ఆడి ఉండేవాడు. అందుకని ఆయన్నే అడిగాను.

"నాయనా, నేను మునుపటిమాదిరే ఉండానా?"

సుగుణ చెప్పడం ఆపింది. నాయన నా వైపు తిరిగి, సంతలో గుడ్డను వెలుతురుకు పట్టి చూసేవాడిలా, నా మొహాన్ని చాలాసేపు చూశాడు.

"పోయినోడు రాలేదురా. వచ్చినోడు పరవాలేదు."